వేడి తిన్న తీగ

400 కిలోవోల్టుల లైనులో రెండు టవర్ల మధ్య దూరం 400 మీటర్లు ఉండటం మామూలే. ఆ ఎడంలో ‘మూస్’ రకం కండక్టరును రోజువారీ బిగువుతో కట్టినప్పుడు అది నడిమధ్యన సుమారు 11 మీటర్లు కిందికి వేలాడుతుంది. అంత వేలాడాలంటే తీగ ఎన్ని మీటర్లు అదనంగా ఉండాలో అనిపిస్తుంది ఎవరికైనా. లెక్క కడితే తేలేది 82 సెంటీమీటర్లు. రెండు మూరలైనా లేని ఆ కాస్త పొడవే 11 మీటర్ల జారుడుకు కారణం. దానికి ఇంకో అరజానెడు, అంటే 10 సెంటీమీటర్లు, చేర్చి చూడండి. తీగ మరో 65 సెంటీమీటర్లు నేల వైపు దిగుతుంది.

ఆ అరజానెడును చేర్చేది వేడి. మూస్ తీగలో 54 అల్యూమినియం పోగులుంటాయి, నడుమ 7 ఉక్కు పోగులు. ఒక్కో పోగు మందం 3.53 మిల్లీమీటర్లు. వేడి ఒక డిగ్రీ పెరిగితే 400 మీటర్ల తీగ ఏడెనిమిది మిల్లీమీటర్లు సాగుతుంది. సాగేకొద్దీ బిగువు తగ్గుతుంది కాబట్టి అందులో కొంత వెనక్కి పోతుంది. అయినా 30 డిగ్రీల తీగకూ 85 డిగ్రీల తీగకూ మధ్య జారుడులో మీటర్ల తేడా వస్తుంది. ఈ జారుడును లైను వాళ్లు ‘శాగ్’ అంటారు. 400 కిలోవోల్టుల తీగ ఎంత వేడెక్కినా నేలకు 8.84 మీటర్ల ఎత్తుకు తగ్గకూడదని మన నిబంధన. టవరు ఎత్తును నిర్ణయించేది చాలావరకు ఈ అంకే.

శాగ్ పెరిగితే ఏమవుతుందో 2003 సెప్టెంబరు 28 తెల్లవారుజామున ఇటలీ మొత్తం చూసింది. ఆ రోజు 3 గంటల 1 నిమిషానికి స్విట్జర్లాండులోని మెట్లెన్-లవోర్గో లైను ఒక చెట్టు మీదుగా షార్టయి ట్రిప్పయింది. అది మోస్తున్న కరెంటు పక్కనే ఉన్న సిల్స్-సొయాజా లైను మీద పడింది. ఆ లైను అంత భారాన్ని పావుగంట పాటు మోయగలదు, అంతకు మించి కాదు. పావుగంట గడిచింది, భారం తగినంత తగ్గలేదు. తీగ వేడెక్కి, జారి, 3 గంటల 25 నిమిషాలకు అదీ ఒక చెట్టుకు దగ్గరై ఆగిపోయింది. ఆ తర్వాత కొద్ది నిమిషాల్లోనే సార్డీనియా దీవి తప్ప ఇటలీ అంతా చీకట్లో మునిగింది. 5 కోట్ల మందికి పైగా కరెంటు లేకుండా మిగిలారు. గమనించాల్సింది ఏమిటంటే, అది మండువేసవి మధ్యాహ్నం కాదు. ఆల్ప్స్ పర్వతాల్లో సెప్టెంబరు చివర్లో ఒక రాత్రి. ఎండ చుక్క లేకపోయినా కరెంటు ఒక్కటే తీగను అంత దింపగలదు.

అయితే శాగ్ చాలావరకు తిరిగి వచ్చేదే. తీగ చల్లారితే పైకి లేస్తుంది, మర్నాడు పొద్దున్న కొలిస్తే దాదాపు మొదటి చోటే ఉంటుంది. అదే వేడి తీగ లోపల ఇంకో పని కూడా చేసి పోతుంది. అది తిరిగి రాదు, పైకి కనపడదు. ఈ వ్యాసం దాని గురించి.

అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. 100 డిగ్రీలు దానికి ఏపాటి అని మనకు తోస్తుంది. నిజానికి ఆ లోహానికి 100 డిగ్రీలు తక్కువేమీ కాదు. పరమ శూన్యం నుంచి లెక్కపెట్టే కెల్విన్ కొలతలో చూస్తే అల్యూమినియం కరిగేది 933 దగ్గర, మన 100 డిగ్రీలు 373. అంటే కరిగే స్థాయిలో పదింట నాలుగు వంతులు. చాలా లోహాల్లో పరమాణువులు తమ చోటు వదిలి కదలడం మొదలుపెట్టేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. వాటికి కదలాల్సిన అవసరం ఏమొచ్చింది అన్నది తీగను తయారుచేసిన తీరులో ఉంది.

కరెంటు బాగా పారాలంటే అల్యూమినియం శుద్ధంగా ఉండాలి. లైను తీగలకు వాడేది 99.5 శాతం శుద్ధమైనది. కానీ శుద్ధ లోహం మెత్తన, దాన్ని 400 మీటర్ల ఎడంలో కట్టలేం. వేరే లోహాలు కలిపితే గట్టిపడుతుంది, కరెంటు పారడం తగ్గుతుంది. అందుకని పరిశ్రమ ఎంచుకున్న దారి లాగడం. 9.5 మిల్లీమీటర్ల కడ్డీని ఒకదాని కంటే ఒకటి చిన్నవైన రంధ్రాల గుండా చల్లగా లాగుతూ పోతారు. చివరికి 3.53 మిల్లీమీటర్ల పోగు వస్తుంది. అడ్డుకోత ఏడో వంతుకు తగ్గుతుంది, పొడవు ఏడింతలు పెరుగుతుంది. మన కంసాలులు కమ్మచ్చులో బంగారు తీగ తీసేదీ ఇదే పద్ధతి. నాలుగు రంధ్రాలు దాటేసరికి తీగ బిరుసెక్కి ఇక లాగితే తెగుతుందనిపిస్తుంది. అప్పుడు కంసాలి దాన్ని కుంపట్లో కాల్చి మెత్తబరిచి మళ్లీ లాగుతాడు. లైను తీగ తయారీలో చివరి కాల్పు ఉండదు. బిరుసును కావాలనే అట్టే ఉంచుతారు. ఆ బిరుసే దాని బలం.

లోపల జరిగేది ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. లోహం నిండా చిన్న చిన్న స్ఫటికాలుంటాయి. ఒక్కో స్ఫటికంలో పరమాణువులు వరసలు కట్టి ఉంటాయి. ఆ వరసల్లో అక్కడక్కడ తప్పులుంటాయి. ఒక వరస సగంలో ఆగిపోయి, దాని పక్క వరసలు సర్దుకుని ఉంటాయి. వీటిని డిస్‌లొకేషన్లు అంటారు. లోహం వంగిందంటే, సాగిందంటే అర్థం ఈ తప్పులు స్ఫటికం గుండా జరిగాయని. మెత్తటి లోహంలో చదరపు సెంటీమీటరుకు ఇవి లక్షల్లోనో కోట్లలోనో ఉంటాయి. చల్లగా లాగిన తీగలో వేల కోట్లకు చేరతాయి. ఒకదానికొకటి అడ్డుపడి చిక్కుబడిపోతాయి. ఏదీ సులువుగా జరగలేదు కాబట్టి తీగ సులువుగా సాగదు. బలం అంటే ఇక్కడ ఈ చిక్కుముడే.

కానీ అది లోహానికి ఇష్టమైన స్థితి కాదు. లాగినప్పుడు పెట్టిన శక్తిలో కొంత ఆ చిక్కుల్లో దాగి ఉంటుంది. చల్లగా ఉన్నంతకాలం పరమాణువులకు కదిలే సత్తువ లేదు కనుక ముడి అలాగే నిలుస్తుంది. వేడి తగిలితే సత్తువ వస్తుంది. మొదట కొన్ని డిస్‌లొకేషన్లు జరిగి, ఎదురుపడి, ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. వేడి ఇంకా పెరిగితే, లేదా చాలాసేపు నిలిస్తే, పాత స్ఫటికాల మధ్య తప్పుల్లేని కొత్త స్ఫటికాలు మొలిచి పాతవాటిని తినేస్తూ పెరుగుతాయి. దీన్నంతా కలిపి ఎనీలింగ్ అంటారు. చివరికి మిగిలేది లాగకముందు ఉన్న మెత్తటి అల్యూమినియమే.

ఆ తేడా చేతికి తెలియాలంటే ఒక పోగు చాలు. లైను పని ముగిశాక పక్కన పడేసిన కండక్టరు ముక్క ఒకటి దొరికితే, కరెంటు తీగలకు దూరంగా ఇంటికి తెచ్చి, ఒక అల్యూమినియం పోగును విప్పండి. విప్పినా మెలిక పోదు, స్ప్రింగులా చుట్టలు చుట్టుకునే ఉంటుంది. వంచితే ఎదురు తిరుగుతుంది, వదిలితే కొంత వెనక్కి వస్తుంది. ఇప్పుడు దాన్ని పట్టకారుతో పట్టుకుని గ్యాసు పొయ్యి మంట మీద, మంటకు తాకీ తాకకుండా అటూ ఇటూ కదుపుతూ ఒక నిమిషం కాచండి. పూర్తిగా చల్లారాక మళ్లీ వంచండి. ఎదురు లేదు. రెండు వేళ్లతో ఎటు వంచితే అటు ఒరిగి అక్కడే ఉండిపోతుంది. రంగు మారలేదు, బరువు తగ్గలేదు, మందం అదే. కాల్చని పోగు పక్కన పెడితే ఏది ఏదో కళ్లతో చెప్పలేం. అంకెల్లో చెప్పాలంటే, గట్టి పోగు చదరపు మిల్లీమీటరుకు సుమారు 16 కిలోల లాగుడు తట్టుకుంటుంది. అంటే ఒక్క పోగుకు ఇద్దరు మనుషులు వేలాడినా తెగదు. పూర్తిగా మెత్తబడ్డ పోగు తట్టుకునేది 6 నుంచి 10 కిలోలే.

ఇంకో సంగతి ఉంది, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. మెత్తబడ్డ అల్యూమినియంలో కరెంటు ఇంకాస్త బాగా పారుతుంది. వరసల్లో తప్పులు తగ్గాయి కదా, ఎలక్ట్రాన్ల దారికి అడ్డంకులు కూడా తగ్గుతాయి. తేడా ఒకటి రెండు శాతమే కావచ్చు. కానీ దాని అర్థం పెద్దది. సబ్‌స్టేషనులో ఉన్న ఏ మీటరూ, ఏ రిలేయూ తీగ బలహీనపడిందని చెప్పదు. కరెంటు దృష్టితో చూస్తే తీగ కులాసాగా ఉంది.

ఇక అసలు లైను మీద వేడి ఎంత ఎక్కుతుంది? మే నెల మధ్యాహ్నం, రెంటచింతలలోనో రామగుండంలోనో గాలి 45 డిగ్రీలుందనుకుందాం. లైను సామర్థ్యం లెక్కకట్టేటప్పుడు మన దేశంలో తీసుకునే వాతావరణం ఇంచుమించు ఇలాంటిదే. మండే ఎండ, 45 డిగ్రీల గాలి, గంటకు 2 కిలోమీటర్ల కదలిక. అది మొహానికి తగిలీ తగలనంత గాలి. మూస్ తీగ మీటరు పొడవు మీద ఎండ పోసే వేడి సుమారు 26 వాట్లు. తీగలో 800 ఆంపియర్లు పారుతుంటే కరెంటు పుట్టించే వేడి మరో 45 వాట్లు. ఈ 70 వాట్లను తీగ వదిలించుకోవాలి. గాలి దాదాపు 55 వాట్లు పట్టుకుపోతుంది, మిగతాది వికిరణంగా పోతుంది. ఆ లెక్క సరితూగేది తీగ 85 డిగ్రీలకు చేరినప్పుడు. ఏసీఎస్ఆర్ తీగకు, అంటే ఉక్కు నడుమ ఉన్న అల్యూమినియం తీగకు, ఒకప్పుడు 75 డిగ్రీలు, తర్వాత 85 డిగ్రీలు గరిష్ఠంగా పెట్టుకుని మన లైన్లు కట్టారు. కాబట్టి ఇంతవరకు అంతా హద్దులోనే ఉంది.

ఇప్పుడు పక్క సర్క్యూట్ ట్రిప్పయి ఈ తీగ మీదికి 1,100 ఆంపియర్లు వచ్చాయనుకోండి. కరెంటు పెరిగింది 37 శాతమే, కానీ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పైగా వేడెక్కిన అల్యూమినియం నిరోధం పెరిగి ఇంకా వేడి పుట్టిస్తుంది. అన్నీ కలిపి తీగ 110 డిగ్రీల దగ్గర ఆగుతుంది. గాలి సెకనుకు 2 మీటర్ల వేగంతో అడ్డంగా వీస్తే అది పట్టుకుపోయే వేడి రెట్టింపవుతుంది, తీగ బతికిపోతుంది. గాలి తీగ వెంట నిలువుగా వీచినా, కొండల నడుమ బొత్తిగా ఆగిపోయినా, ఆ స్పానులో, అంటే ఆ రెండు టవర్ల నడుమ, తీగ పక్క స్పాను కన్నా చాలా వేడిగా ఉంటుంది. ఒకే లైనులో, ఒకే కరెంటుకు. కంట్రోల్ రూములో కనిపించేది ఒక్క అంకె. లైను పొడుగునా వేడి వందల రకాలు.

ఎంత వేడికి ఎంత బలం పోతుందో అమెరికాలో జె.ఆర్. హార్వే 1972లో కొలతలతో చూపించారు. ఆస్ట్రేలియాలో వి.టి. మోర్గాన్ 1979లో ప్రచురించిన పరిశోధన కూడా ఈ రంగంలో మైలురాయే. హార్వే సూత్రాన్ని మన మూస్ పోగుకు వేసి చూస్తే చిత్రం ఇలా తేలుతుంది. 95 డిగ్రీల వరకు చెప్పుకోదగ్గ నష్టం లేదు. 100 డిగ్రీల దగ్గర వెయ్యి గంటలు ఉంచితే అల్యూమినియం బలంలో రెండు మూడు శాతం పోతుంది. 125 డిగ్రీల దగ్గర అవే వెయ్యి గంటలకు 14 శాతం. 150 డిగ్రీల దగ్గర పావు వంతు. అదే 150 డిగ్రీలకు పది గంటలు చాలు, పదో వంతు బలం పోవడానికి. 125 డిగ్రీల దగ్గర అంత నష్టానికి వంద గంటలు పడుతుంది. ఆ ప్రాంతంలో పాతిక డిగ్రీలు పెరిగితే అంతే నష్టం పదో వంతు కాలంలో జరిగిపోతుందన్నమాట.

వెయ్యి గంటలు వినడానికి ఎక్కువే. 30 ఏళ్లకు పంచితే ఏడాదికి 33 గంటలు. ప్రతి వేసవిలో ఒక వారం, రోజుకు ఐదు గంటల చొప్పున. అంతే. ఆ గంటలు వరసగా రానక్కరలేదు. ఈ మే నెలలో ఐదు, పై ఏడాది రోహిణి కార్తెలో ఏడు, ఒక షార్ట్ సర్క్యూట్‌లో రెండు క్షణాలు. అన్నీ కూడుకుంటూ పోతాయి. రాత్రి చల్లారినంత మాత్రాన చెరిగిన చిక్కుముడి మళ్లీ పడదు. దాన్ని తిరిగి గట్టిపరచాలంటే తీగను దింపి మళ్లీ రంధ్రాల గుండా లాగాలి. జీవితకాలం మొత్తం మీద పది శాతం బలం పోతే చాలు, ఆ తీగ గురించి ఆలోచించాల్సిన సమయం వచ్చిందని చాలామంది ఇంజినీర్లు భావిస్తారు.

ఉక్కు నడుము ఉందిగా అనే మాట ఇక్కడ వస్తుంది, అందులో నిజముంది. మూస్ తీగ తెగాలంటే 16 టన్నులకు పైగా లాగాలి. ఆ బలంలో అల్యూమినియం వాటా, ఉక్కు వాటా దాదాపు చెరిసగం. 150 డిగ్రీల వేడి ఉక్కుకు లెక్కలోది కాదు. కాబట్టి అల్యూమినియం 14 శాతం కోల్పోయినా మొత్తం తీగ కోల్పోయేది 7 శాతమే. ఏసీఎస్ఆర్ తీగలు అధిక భారాన్ని ఇన్నేళ్లు ఓర్చుకుంటూ వచ్చాయంటే ఆ ఏడు ఉక్కు పోగుల పుణ్యమే. వేడిలో అల్యూమినియం ఉక్కు కన్నా రెండింతలు వ్యాకోచిస్తుంది. కాబట్టి ఒక స్థాయి దాటాక అల్యూమినియం వదులై, బిగువంతా ఉక్కు మీదే పడుతుంది. ఉక్కు తక్కువ సాగుతుంది కనుక అక్కడి నుంచి శాగ్ పెరుగుదల కూడా నెమ్మదిస్తుంది.

కానీ ఈ భరోసాకు హద్దులున్నాయి. ఉక్కు లేని తీగలు చాలా ఉన్నాయి, పూర్తి అల్యూమినియంవి, పూర్తి అల్యూమినియం మిశ్రమంవి. వాటిలో పోయిన ప్రతి శాతం మొత్తం నుంచే పోతుంది. రెండోది, నా దృష్టిలో అసలైనది, కాలానికి సంబంధించినది. వేడి రోజున తీగ తెగదు. ఆ రోజు తీగ జారి ఉంటుంది, బిగువు ఏడాదిలోకెల్లా తక్కువగా ఉంటుంది. బలం పోయేది అప్పుడే, ఆ బలంతో పని పడేది మాత్రం అప్పుడు కాదు. పని పడేది గాలి తీగను పక్కకు తోసి లాగినప్పుడు. మన కోస్తాలో అది అక్టోబరు, నవంబరు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ లాంటి తుపాను వచ్చినప్పుడు. మే నెలలో జరిగిన నష్టం నవంబరులో బయటపడితే, తెగిన తీగను చూసిన వాళ్లు తుపానునే తప్పుపడతారు. వేసవిలో ఆ లైను ఎన్ని గంటలు ఎంత వేడిలో ఉందన్న ప్రశ్న ఎవరికీ తట్టదు.

తీగ కన్నా ముందు లొంగిపోయేవి అతుకులు. రెండు తీగల కొనలను అల్యూమినియం గొట్టంలోకి దూర్చి ప్రెస్సుతో నొక్కి జాయింటు చేస్తారు. సరిగ్గా చేసిన జాయింటు తీగ కన్నా చల్లగా ఉండాలి. దానికి లోహం ఎక్కువ, గాలి తగిలే పైభాగం ఎక్కువ. అది తీగ కన్నా వేడిగా ఉందంటే లోపల ఏదో చెడిందన్నమాట. అల్యూమినియం గాలి తగిలిన మరుక్షణమే పలచని ఆక్సైడు పొర కడుతుంది, అది కరెంటును పారనివ్వదు. నొక్కే ముందు తీగను వైరు బ్రష్‌తో బాగా రుద్ది గ్రీజు పట్టించేది అందుకే. ఆ రెండు నిమిషాల పని సరిగా జరగకపోతే ఫలితం పదేళ్ల తర్వాత కనిపిస్తుంది. రోజూ వేడెక్కి చల్లారుతూ, సాగి ముడుచుకుంటూ జాయింటులో పట్టు సడలుతుంది. నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి పెరుగుతుంది, ఆ వేడి ఆక్సైడును మరింత పెంచుతుంది. తీగ మొత్తం 80 డిగ్రీల్లో ఉన్నా ఆ ఒక్క చోట 150 దాటవచ్చు. పక్కనున్న జానెడు తీగ ఎనీల్ అయిపోతుంది. లైను బలం అంతా ఆ జానెడు దగ్గరే తేలుతుంది. థర్మోవిజన్ కెమెరాతో లైను తిరిగే సిబ్బంది వెతికేది ఈ వేడి మచ్చల కోసమే. మంచి లోడు ఉన్న వేళ తిరిగితేనే అవి కనిపిస్తాయి. లోడు తక్కువగా ఉన్న ఉదయం పూట తీసిన ఫొటోలో చెడ్డ జాయింటు కూడా మంచిదిలాగే ఉంటుంది.

పెద్ద లైన్ల మీద ఇన్ని కళ్లుంటాయి. ఊళ్లలో పొలాల మీదుగా పోయే 11 కిలోవోల్టుల లైన్ల సంగతి వేరు. అక్కడ వాడేవి రాబిట్, వీజల్ వంటి సన్నపు తీగలు. వీజల్‌లో ఆరు అల్యూమినియం పోగులు, ఒక ఉక్కు పోగు, ఒక్కోటి 2.59 మిల్లీమీటర్లు. పోగు సన్నబడేకొద్దీ దాన్ని అంత ఎక్కువగా లాగి ఉంటారు. చిక్కుముడి అంత ఎక్కువ, అది విప్పుకోవాలనే తహతహ కూడా అంత ఎక్కువ. 125 డిగ్రీల్లో వెయ్యి గంటలకు మూస్ పోగు 14 శాతం పోగొట్టుకుంటే వీజల్ పోగు 18 శాతం పోగొట్టుకుంటుంది. మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అయ్యే వేళ, ఒకటికి నాలుగు అతుకులున్న ఫీడరులో, వదులైన జంపరు (రెండు తీగలను కలిపే చిన్న తీగ) దగ్గర వేడి ఎంత పుడుతుందో కొలిచే ఏర్పాటు అక్కడ లేదు. చెరుకు ఆకునూ వరి కొయ్యకాలునూ లైను కింద తగలబెట్టినప్పుడు మంట వేడి నేరుగా తీగకు తగులుతుంది. ఆ కాసేపట్లో జరిగే ఎనీలింగ్ కొన్నేళ్ల అధిక లోడుకు సమానం కావచ్చు. తీగ తెగిపడటానికి చెట్టుకొమ్మలు, తుప్పు, పక్షులు, గాలి, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. ప్రతిదీ ఎనీలింగ్ ఖాతాలో రాయలేం. కానీ మెత్తబడ్డ తీగ మీద ఆ కారణాల్లో ప్రతి ఒక్కటీ ఇంకాస్త సులువుగా పనిచేస్తుంది. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి చేనుకు పోయిన రైతు, నేల మీద పడి ఉన్న తీగ మీద కాలు వేసి ప్రాణం పోగొట్టుకున్న వార్త మన పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఆ వార్త చివర తీగ ఎందుకు తెగిందో రాసి ఉండదు.

వేడిని తట్టుకునే తీగలు లేవా అంటే ఉన్నాయి, వాటి వెనక మంచి ఆలోచనలే ఉన్నాయి. జపాన్ ఇంజినీర్లు అల్యూమినియంలో చిటికెడు జిర్కోనియం కలిపారు. అది లోహంలో అతి సూక్ష్మమైన రేణువులుగా ఏర్పడి, డిస్‌లొకేషన్లనూ స్ఫటికాల అంచులనూ కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఇలాంటి తీగలను 150 డిగ్రీల్లో, కొన్నింటిని 210 డిగ్రీల్లో ఏళ్ల తరబడి నడపవచ్చు. వీటి నడుమ మామూలు ఉక్కుకు బదులు ఇన్వార్ వాడటం ఒక పద్ధతి. 36 శాతం నికెల్ కలిపిన ఈ ఇనుము వేడికి దాదాపు సాగదు. దాన్ని 1896లో కనిపెట్టిన షార్ల్ గియోమ్‌కు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. కార్బన్ నారతో చేసిన నడుము ఇంకా తేలిక, ఇంకా తక్కువ సాగుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఇంకొకటి. ఎలాగూ వేడికి మెత్తబడేదే కదా అని, అల్యూమినియాన్ని ఫ్యాక్టరీలోనే పూర్తిగా ఎనీల్ చేసి తీగ అల్లడం. బరువు మోసే పని మొత్తం గట్టి ఉక్కుకు అప్పగించి, అల్యూమినియానికి కరెంటు మోసే పని ఒక్కటే ఇస్తారు. పోగొట్టుకోవడానికి దానిలో ఇక బలమే లేదు కాబట్టి 200 డిగ్రీలు దాటినా అది మారదు. అమెరికాలో 1970ల నుంచి ఉన్న ఈ రకాన్ని ఏసీఎస్ఎస్ అంటారు.

మన దేశంలో కొత్త టవర్లకు దారి దొరకని చోట్ల, పాత టవర్ల మీదే ఇలాంటి తీగలు మార్చి సామర్థ్యం పెంచుతున్నారు. నగరాల చుట్టూ భూమి ధరలు తెలిసినవాళ్లకు అది ఎంత అక్కరో వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. 180 డిగ్రీల్లో అల్యూమినియం నిరోధం 20 డిగ్రీల్లో ఉన్నదానికి ఒకటిన్నర రెట్లకు మించి ఉంటుంది. ఆ వేడి అంతా డబ్బు పెట్టి పుట్టించిన కరెంటే. అలాంటి తీగను ఆపద వేళ వేడిగా నడపటం తెలివైన పని. రోజూ వేడిగా నడపటం బొగ్గును గాల్లోకి ఊదడం. అతుకులూ క్లాంపులూ అంత వేడికి తగినవి కాకపోతే తీగ మార్చిన ఫలితం కూడా దక్కదు.

కొత్త తీగలు కొన్ని వందల కిలోమీటర్లకు వస్తాయి. ఇప్పుడు మన తలల మీద ఉన్న లక్షల కిలోమీటర్ల పాత తీగ ఇంకా చాలా ఏళ్లు అక్కడే ఉంటుంది. వాటికి కావలసింది ఖరీదైన పరికరం కన్నా ముందు ఒక రికార్డు. ఏ లైనులో ఏ గంటకు ఎంత కరెంటు పారిందో పెద్ద సబ్‌స్టేషన్లలో నమోదవుతూనే ఉంది. ఆ గంటకు ఆ ప్రాంతంలో ఎండ, గాలి ఎంతో వాతావరణ కేంద్రాలు నమోదు చేస్తాయి. ఈ రెండూ కలిపితే తీగ వేడి లెక్క తేలుతుంది. 95 డిగ్రీలు దాటిన గంటలను లైను వారీగా ఏటా కూడుకుంటూ పోతే, ఏ లైను ఎంత బలం పోగొట్టుకుని ఉంటుందో అంచనా వేయవచ్చు. హార్వే సూత్రం ఒక మామూలు లాప్‌టాప్ మీద క్షణంలో పని చేస్తుంది. గాలి ఆగిపోయే లోయ స్పాన్లకు, కింద మంట తగిలిన స్పాన్లకు విడిగా గుర్తు పెట్టుకోవాలి. లెక్క ఎంత బాగున్నా అది అంచనాయే. దాన్ని సరిచూసే సాక్ష్యం కూడా మన దగ్గరే ఉంది. తీగ మార్చిన ప్రతిచోటా పాత కండక్టరు డ్రమ్ములకు చుట్టి తుక్కు తూకానికి పోతుంది. పోయే ముందు అతుకుల పక్క నుంచి ఒకటి, స్పాను నడిమి నుంచి ఒకటి, రెండేసి మీటర్ల ముక్కలు కోసి, చీటీ మీద టవరు నంబర్లు రాసి, పోగులు విప్పి లాగుడు యంత్రంలో తెగేదాకా లాగి చూడాలి. కొత్తగా వచ్చిన తీగకు ఈ పరీక్ష ఎలాగూ చేస్తారు, యంత్రమూ అదే, మనుషులూ వాళ్లే. 30 ఏళ్ల వేసవులు ఆ పోగులో ఏం చేశాయో అది ఒక్క అంకెలో చెబుతుంది. ఆ అంకె తెలిస్తే, అదే ఏడాది అదే తీగతో కట్టిన పక్క లైను మీద వచ్చే మే నెలలో ఎంత భారం వేయవచ్చో ఊహ మీద ఆధారపడకుండా నిర్ణయించవచ్చు.